మన రాతలు ఎవరి చేతికి వెళ్తాయి?



శనివారం రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక నేను రాయడానికి కూర్చుంటాను. అప్పటికి ఆదివారం ప్రసంగం సిద్ధమై ఉంటుంది. అది కాక, వారమంతా మనసులో నానిన మాటలు కొన్ని మిగులుతాయి. వాటిని ముందు నోటుబుక్కులో రాసుకుని, తర్వాత ఫోన్‌లో టైపు చేసి మీ ముందుకు తెస్తాను. చాలా ఏళ్లుగా ఇదే అలవాటు.

మొన్న నర్సంపేట వైపు ఒక కూడికకు వెళ్లినప్పుడు తోటి సేవకుడు ఒకాయన చాయ్ తాగుతూ అడిగాడు: "అన్నా, రాత్రుళ్లు మేల్కొని ఇంత రాస్తవు గదా, ఇవన్ని ఎవరు చదువుతున్నరు?"

ఎగతాళికి అన్న మాట కాదది. ఆయన కూడా రాద్దామా వద్దా అని ఆలోచిస్తున్నాడు, అందుకే అడిగాడు. నేను నవ్వి, "దేవునికే ఎరుక తమ్మీ" అన్నాను. పాస్టర్లం కదా, జవాబు తెలియనప్పుడు దేవుని పేరు చెప్పి తప్పించుకోవడం మాకు అలవాటే. కానీ బండి మీద ఇంటికి వస్తుంటే ఆ ప్రశ్న వెనక సీటు మీద కూర్చుని నాతోపాటే వచ్చింది. ఈ వారం దాని గురించే మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

వేదిక మీద నిలబడితే ముఖాలు కనిపిస్తాయి. మాది చిన్న సంఘం. రెండో వరుసలో కూర్చునే తాత కళ్లు మూసుకుంటే అది ప్రార్థనో నిద్రో నాకు తెలుసు. పత్తి ఏరే రోజుల్లో అక్కచెల్లెళ్లు ఎంత అలసిపోయి వచ్చారో వాళ్లు కూర్చునే తీరు చూస్తేనే తెలుస్తుంది. ఆ రోజు ప్రసంగం పది నిమిషాలు తగ్గిస్తాను. ఒక మాట గుచ్చుకుని ఎవరైనా తల వంచుకుంటే, సాయంత్రం వాళ్లింటికి వెళ్లి కాసేపు కూర్చుంటాను. నోటి మాటలో ఈ భద్రత ఉంది. తప్పు దొర్లితే అక్కడే సర్దుకోవచ్చు.

రాతలో ఆ భద్రత లేదు. చీకట్లో విత్తనం చల్లినట్టే ఉంటుంది. అది చెలకలో పడిందో, బాట మీద పడిందో చల్లినవాడికి తెలియదు. యోహాను తన రెండవ పత్రికను ముగిస్తూ, చెప్పవలసినవి ఇంకా చాలా ఉన్నా వాటిని కాగితం, సిరాతో రాయడం ఇష్టం లేదని, వచ్చి ముఖాముఖిగా మాట్లాడాలని ఉందని అంటాడు. అపొస్తలుడికి కూడా కాగితం చాలలేదు చూడండి.

ముఖాలు కనిపించకపోతే మనిషి ఏం చేస్తాడు? లెక్కలు చూస్తాడు. నేనూ అదే చేశాను. ఆదివారం ఆరాధన ముగిసి ఇంటికి రాగానే ఫోన్ తీసి, రాత్రి పెట్టినదాన్ని ఎంతమంది చూశారు, చేతులు జోడించిన బొమ్మ ఎంతమంది పెట్టారు అని లెక్కపెట్టేవాణ్ణి. ఎక్కువ ఉంటే ప్రభువు నన్ను వాడుకున్నాడని సంతోషం. తక్కువ ఉంటే అన్నం దగ్గర మాట ముక్తసరిగా వచ్చేది. ఒక రోజు నా భార్య పప్పు వడ్డిస్తూ మెల్లగా అడిగింది: "ఇయ్యాల ఎక్కువ మంది చూడలేదా ఏంది?" నాకు సిగ్గేసింది. ఆరాధనలో పొద్దున ఒక తల్లి కన్నీళ్లతో ప్రార్థన చేయించుకుంది. ఆమె సంగతి నా మనసులో లేదు, అంకెలు మాత్రం ఉన్నాయి.

ఆ రోజుల్లోనే యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం, 45వ అధ్యాయం కలిపి చదివాను. దయచేసి మీరు కూడా ఈ వారం ఆ రెండింటినీ కలిపి చదవండి. అక్కడ మనలాంటి ఒక రాతగాడు ఉన్నాడు. పేరు బారూకు, నేరీయా కుమారుడు.

క్రీస్తుకు ముందు 605 ప్రాంతం. యిర్మీయాకు దేవాలయంలోకి వెళ్లే వీలు లేదు. అందుకని ఆయన నోటితో చెబుతుంటే బారూకు సిరాతో గ్రంథపు చుట్ట మీద రాశాడు. తర్వాతి సంవత్సరం ఉపవాస దినాన దాన్ని దేవాలయానికి తీసుకెళ్లి ప్రజలందరికీ చదివి వినిపించాడు. ప్రజలు ఏమన్నారో అక్కడ రాసిలేదు. ఆ సంగతి విని అధికారులు మళ్లీ చదివించుకున్నారు. వాళ్లు భయపడి ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మూడోసారి అదే రాత రాజైన యెహోయాకీము ముందుకు వెళ్లింది. చలికాలం, ఎదురుగా కుంపటి మండుతోంది. యెహూది మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకుతో ఆ భాగం కోసి నిప్పుల్లో వేశాడు. అలా చుట్ట మొత్తం కాలిపోయింది. ముగ్గురు అధికారులు వద్దని బతిమాలినా రాజు వినలేదు.

రాత ఒక్కటే. విన్నవాళ్లు మూడు రకాలు. ఒకచోట మౌనం, ఒకచోట వణుకు, ఒకచోట నిప్పు. రాసినవాడు ఈ మూడింటిలో దేన్నీ అదుపు చేయలేకపోయాడు.

ఇక 45వ అధ్యాయంలో బారూకు గుండెలోని మాట కనిపిస్తుంది. ఇది చుట్ట రాసిన కాలపు సంగతే. దుఃఖం మీద దుఃఖం వచ్చి పడింది, మూలిగి మూలిగి అలసిపోయాను అని అతను వాపోతున్నాడు. బారూకు పెద్ద కుటుంబంవాడే అనిపిస్తుంది. అతని సహోదరుడు శెరాయా తర్వాతి కాలంలో సిద్కియా రాజు కొలువులో అధికారిగా ఉన్నట్టు 51వ అధ్యాయం చెబుతుంది. చదువు ఉంది, చేతిలో విద్య ఉంది, రాజుల కొలువుకు దారి ఉంది. కానీ జనం అసహ్యించుకునే ఒక ప్రవక్త దగ్గర కూర్చుని, జనానికి నచ్చని మాటలు రాస్తున్నాడు. అప్పుడు దేవుడు అతనికి ఓదార్పు మాట చెబుతాడని అనుకుంటాం. దేవుడు అతని గుండె లోపల చెయ్యి పెట్టాడు. నీ కోసం నువ్వు పెద్దవాటిని వెదుక్కుంటున్నావు, అది మానుకో అన్నాడు. ప్రాణం మాత్రం కాపాడతానని మాట ఇచ్చాడు.

ఆ అధ్యాయం అయిదే వచనాలు. ఆ రాత్రి అది చదివి నేను ఫోన్ పక్కన పెట్టేశాను. నేను దేవుని మాట రాస్తున్నానని అనుకుంటున్నాను, నిజానికి అంకెల్లో నా కోసం పెద్దవాటిని వెదుక్కుంటున్నాను. రోగం పేరు తెలిసింది.

అదే గ్రంథం 51వ అధ్యాయం చివర ఇంకో విచిత్రం ఉంది. యిర్మీయా బబులోనుకు రాబోయే కీడును ఒక పుస్తకంలో రాసి శెరాయా చేతికిచ్చాడు. అక్కడికి వెళ్లాక చదివి, దానికి రాయి కట్టి యూఫ్రటీసు నదిలో పడేయమన్నాడు. అన్న రాసింది మంటలో పడితే తమ్ముడు చదివింది నీళ్లలో మునిగింది అనుకోవచ్చు, అయితే వాళ్లలో పెద్ద ఎవరో బైబిలు చెప్పలేదు. కాలిన చుట్టను దేవుడు మళ్లీ రాయించాడు, అలాంటి మాటలు ఇంకా ఎన్నో కలిపి మరీ రాయించాడు. ఈ రోజు మా పల్లెలో టెన్త్ చదివే పిల్లవాడు కూడా యిర్మీయా గ్రంథం తెరిచి చదవగలుగుతున్నాడు.

అతను తెలుగులో చదువుతున్నాడంటే దాని వెనక కూడా ఇలాంటి కథే ఉంది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ మద్రాసులో ఉంటూ తెలుగు నేర్చుకుని, 1732 నాటికి బైబిలును తెలుగులోకి అనువదించాడు. ఏళ్ల కష్టం. అచ్చుకోసం ప్రయత్నించాడు. ఆ అనువాదం ఎన్నడూ అచ్చు కాలేదు. స్వదేశానికి తిరిగి వెళ్లాక, 1740లలో హాలె పట్టణంలో కొన్ని చిన్న క్రైస్తవ పుస్తకాలను తెలుగు లిపిలో అచ్చు వేయించగలిగాడు. తెలుగులో అచ్చయిన మొదటి పుస్తకాలుగా వాటినే చెబుతారు. తెలుగువాళ్లకు ఎంతో దూరంలో, తెలుగు చదివేవాళ్లు లేని ఊళ్లో మన అక్షరాలు మొదటిసారి అచ్చులోకి ఎక్కాయి! అచ్చు వేసిన పనివాళ్లు ఆ అక్షరాలు చూసి ఏమనుకున్నారో.

తర్వాత 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు లండన్ మిషన్ సేవకులు విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే విశ్వాసి సహాయంతో సువార్తలను తెలుగు చేయడం సాగింది. క్రాన్ 1809లో చనిపోయాడు. డెగ్రాంజెస్ 1810లో చనిపోయాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయి బయటికి వచ్చింది 1812లో. వాళ్లిద్దరూ తాము పాటుపడిన పుస్తకాన్ని ఒక్క తెలుగు మనిషి చేతిలోనూ చూడలేదు. వాళ్ల తర్వాత వచ్చిన ప్రిచెట్ పని కొనసాగించాడు, 1818లో కొత్త నిబంధన తెలుగులో వచ్చింది.

ఎవరు చదువుతున్నారు అని డెగ్రాంజెస్‌ను అడిగి ఉంటే ఏం చెప్పేవాడు? ఇంకా ఎవరూ లేరు అనేవాడు. అయినా రాశాడు. నా ఒక్కరాత్రి రాతకు మర్నాడు మధ్యాహ్నానికే పంట కావాలని నేను ఏడుస్తున్నాను.

ఇంతవరకు చదివి మీరు, అయితే పాఠకులను పట్టించుకోవద్దు, రాసి దేవునికి వదిలేయాలి, అంతే కదా పాస్టరుగారూ అనవచ్చు. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. లెక్క చూడటం మానేశాను, మనసు తేలికైంది. కానీ నాకు తెలియకుండా ఇంకో గుంటలో పడ్డాను. దాని సంగతి చెప్పేముందు మా వరంగల్ మనిషి ఒకరి గురించి చెప్పాలి.

కాళోజీ నారాయణరావు గారి పేరు మాకు కొత్త కాదు. ఇతర జిల్లాల్లో, ఇతర దేశాల్లో ఉన్న మీకోసం చెబుతున్నాను. 1914 సెప్టెంబర్ 9న కర్ణాటకలోని రట్టిహళ్లిలో పుట్టి, వరంగల్ పక్కన మడికొండలో పెరిగి, జీవితమంతా ఈ ఊళ్లోనే గడిపారు. నిజాం పాలనలో జైలుకు వెళ్లినవారు. 1992లో పద్మవిభూషణ్ వచ్చింది. 2002 నవంబర్‌లో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజునే ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన మన విశ్వాసం వారు కారు, ఆయన రాజకీయాల గురించి మాట్లాడటం నా పని కాదు. నాకు కావలసింది ఆయన తన కవితలకు పెట్టుకున్న పేరు. 1953లో మొదట వచ్చిన ఆ సంపుటి పేరు "నా గొడవ".

నా గొడవ! ఎవరికోసం రాస్తున్నావయ్యా అని అడిగే అవకాశమే ఇవ్వలేదు ఆయన. ఇది నా బాధ, నా కోపం, నాది నేను రాసుకుంటున్నాను అన్నట్టు పేరు పెట్టేశారు. కానీ ఆ గొడవంతా పక్కవాడి ఆకలి గురించి, పక్కవాడికి జరిగిన అన్యాయం గురించి. పైగా బడిలో నేర్పే భాషలో కాకుండా ఇంట్లో, బజారులో జనం మాట్లాడుకునే భాషలో రాయాలని ఆయన పట్టుబట్టారు. అందుకే "నా" అని రాసినది జనం తమదిగా చదువుకున్నారు.

నేను సెమినరీలో డిప్లొమా చేసినవాణ్ణి. మొదట్లో నా రాతలు చూస్తే మీకు నవ్వొస్తుంది. నీతిమంతునిగా తీర్చబడుట, పవిత్రీకరణ సిద్ధాంతము, అంత్యదిన శాస్త్రము! మా ప్రిన్సిపాల్‌గారు చదివి మార్కులు వేస్తారన్నట్టు రాసేవాణ్ణి. కాళోజీగారిని చదివాక ఆ గంభీరం తగ్గించాను. మా పల్లె తల్లి ఒక్కతి వింటే అర్థం కావాలి, అదే కొలత అనుకున్నాను. మా ఊరి సంగతులు, మా ఊరి మాటలు రాయడం మొదలుపెట్టాను. రాత సులువైంది. చదివినవాళ్లు బాగుందన్నారు.

సరిగ్గా అక్కడే పడిపోయాను.

ఒక వారం తప్పిపోయిన కుమారుని ఉపమానం మీద రాశాను. ఉదాహరణ కావాలి. మా పల్లెలోనే ఒక తల్లి, తాగుడుకు అలవాటుపడిన ఆమె కొడుకు గుర్తొచ్చారు. పేర్లు రాయలేదు. కానీ మా ఊరివాళ్లు చదివితే గుర్తుపట్టగల ఆనవాళ్లు రాశాను. అవేమిటో ఇప్పుడు మళ్లీ చెప్పను. నా మనసులో ఉన్న లెక్క ఇది: నా రాతలు చదివేది హైదరాబాదులో ఉన్నవాళ్లు, దుబాయ్‌లో ఉన్నవాళ్లు, ఎక్కడో ఉన్న సేవకులు. మా ఊరివాళ్లు ఎందుకు చదువుతారు? వాళ్లకు ఆదివారం నేనే కనిపిస్తాను కదా. పైగా ఆ తల్లికి చదువు రాదు.

ఆమె మనుమరాలు హనుమకొండలో డిగ్రీ చదువుతోంది. సెలవులకు వచ్చి, పాస్టరుగారు రాశారు విను నానమ్మా అని ఫోన్‌లో చదివి వినిపించింది. సులువైన భాష కదా, ఆమెకు ప్రతి మాటా అర్థమైంది.

బుధవారం సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. గడప దగ్గరే నిలబడి అంది: "అయ్యగారూ, మా ఇంటి ముచ్చట రాసిన్రట గదా. మా పిల్ల చదివింది."

నా నోట మాట రాలేదు.

"అబద్ధం రాసిన్రని అంటలేను. మావోడు తాగుతడు, నిజమే. గని నాకు జరమొచ్చి పడ్డప్పుడు నన్ను భుజం మీదేసుకొని దవాఖానకు ఉరికింది గూడ వాడే. అది మీకు తెల్వది. మీరు నన్ను అడగలేదు."

అంతే అంది. కోపంగా కూడా అనలేదు. వెళ్లిపోయింది. తర్వాత మూడు ఆదివారాలు ఆమె కూర్చునే చోటు ఖాళీగా ఉంది.

ఆ మూడు ఆదివారాలు నేనేం ప్రసంగించానో నాకు గుర్తులేదు, ఆ ఖాళీ చోటు మాత్రం గుర్తుంది. నా రాతలు ఎవరు చదువుతున్నారు అని ఏళ్లపాటు కొలుచుకున్నాను. ఆ కొలతలో ఎన్నడూ రాని మనిషి విన్నది. నేను రాసిన వేల మాటల్లో ఆమెకు చేరినవి ఆమెను గాయపరిచినవే.

మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన క్రమం మనందరికీ తెలుసు. సహోదరుడు తప్పు చేస్తే మొదట అతని దగ్గరికి నువ్వు ఒంటరిగా వెళ్లి మాట్లాడాలి. తర్వాత ఒకరిద్దరిని తీసుకెళ్లాలి. ఆ తర్వాతే సంఘం. నేను ఆ కుమారుడి దగ్గరికి ఒక్కసారి కూడా ఒంటరిగా వెళ్లి కూర్చోలేదు. మొదటి మెట్టు ఎక్కకుండా అతని సంగతి లోకానికి చెప్పాను. పైగా దానికి వాక్యధ్యానం అని పేరు పెట్టాను.

నేనూ నా భార్యా వాళ్లింటికి వెళ్లాం. క్షమించమని అడిగాను. ఆ రాతను అప్పటికే తీసేశాను, కానీ చదివినవాళ్ల మనసులోంచి ఎలా తీయగలను? ఆ తల్లి మజ్జిగ ఇచ్చింది. కుమారుడు ఇంట్లోనే ఉన్నాడు. నాతో ఏమీ మాట్లాడలేదు. లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చి వేశాడు. ఆ కుర్చీలో కూర్చోవడం నాకు చాలా కష్టమైంది.

తర్వాత నేను ఫిలేమోను పత్రిక తెరిచాను. ఎన్నోసార్లు చదివిన పత్రికే. ఇరవై అయిదు వచనాలు. పౌలు బంధకాల్లో ఉండి ఫిలేమోనుకు, అతని ఇంట్లో కూడే సంఘానికి రాశాడు. విషయం ఒనేసిము అనే దాసుడు. అతను యజమాని దగ్గర నుంచి వెళ్లిపోయి, పౌలు దగ్గర విశ్వాసి అయ్యాడు. ఇప్పుడు తిరిగి వెళ్తున్నాడు. కొలొస్సయి పత్రిక 4వ అధ్యాయంలో తుకికుతో పాటు ఒనేసిమును పంపుతున్నానని పౌలు రాశాడు. అంటే ఫిలేమోను ఇంట్లో ఈ ఉత్తరం చదివినప్పుడు, అందులో ఎవరి గురించి రాశారో ఆ మనిషి అక్కడే, బహుశా గడప దగ్గరే, నిలబడి ఉన్నాడు.

ఈ సంగతి నాకు అంతకుముందు తట్టలేదు. తన గురించి రాసిన ఉత్తరంతో పాటే ఆ మనిషి ప్రయాణం చేశాడు. పౌలు ప్రతి మాటా అది తెలిసే రాశాడు. ఇప్పుడు మళ్లీ చదవండి. అతను ఒకప్పుడు పనికిరానివాడని రాశాడు, దాచలేదు. ఏదైనా నష్టం చేసి ఉంటే అని కూడా రాశాడు. కానీ అతన్ని నా కుమారుడన్నాడు, నా ప్రాణంలాంటివాడన్నాడు. ఆ అప్పు నా లెక్కలో వేయమని, నేనే తీరుస్తానని తన చేతితో రాసి ఇచ్చాడు. తప్పును రాసినవాడే అప్పును కూడా నెత్తిన వేసుకున్నాడు. నేను తప్పును రాశాను, అప్పును ఆ తల్లి మీద వదిలేశాను.

సిలువ దగ్గర ప్రభువు చేసింది ఇదే కదా. మన లెక్క మొత్తం తెలిసినవాడు ఆయనే. దాన్ని ఊరికి చాటకుండా తన మీద వేసుకున్నాడు.

మరి గట్టి మాటలు రాయకూడదా, పాపాన్ని పాపం అనకూడదా అని కొందరు సహోదరులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. యిర్మీయా రాయలేదా? రాశాడు. కానీ ఆయన రాసిన గద్దింపు ఎవరి గురించో వాళ్ల చెవిలోనే పడింది. దేవాలయంలో, అధికారుల గదిలో, రాజు ముందు. ఎదురు తిరిగి కాల్చగల బలం ఉన్నవాడి ముందు. దెబ్బ పడితే రాసినవాళ్ల మీదే పడింది, యిర్మీయా బారూకులను పట్టుకోమని రాజు మనుషులను పంపాడు. నేను గద్దించింది జవాబు చెప్పుకోలేని ఒక ఇంటిని, ఆ ఇంటివాళ్లు వినరనే ధైర్యంతో. అది ప్రవచనం కాదు, చాటుమాట. చాటుమాటకు వాక్యం ఏ పేరు పెట్టిందో మీకు తెలుసు.

మా వైపు రైతులు మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్టుకు తోలుతారు. కాంటా అయ్యాక ఆ బస్తా ఏ ఊరు పోతుందో, ఏ దేశం పోతుందో, ఏ ఇంటి కూరలో పడుతుందో రైతుకు తెలియదు. తెలుసుకోవడం అతని పనీ కాదు. అలాగని మందు ఎంతపడితే అంత కొట్టి, తినేది నేనా అనుకుంటే? ఎక్కడో ఒక పసివాడి కడుపులోకి పోయేది అదే. తినేవాళ్లెవరో తెలియదు కాబట్టే మంచి రైతు జాగ్రత్తగా ఉంటాడు.

రాసేవాళ్లకు కూడా అదే వర్తిస్తుంది. ఎంతమంది చదువుతారు అనేది దేవుని లెక్క. దాంట్లో చెయ్యి పెడితే మనకు బారూకు రోగం వస్తుంది. చదివిన ఆ ఒక్కరికి నా మాట వల్ల ఏమవుతుంది అనేది నా లెక్క. దాన్ని దేవుని మీదికి నెట్టేయడానికి వీల్లేదు. ఈ రెండు లెక్కలను నేను తారుమారు చేశాను. దేవుడు చూసుకోవలసినదాన్ని ప్రతి ఆదివారం లెక్కపెట్టాను, నేను చూసుకోవలసినదాన్ని ఆయనకు వదిలేశాను.

ఇది పాస్టర్లకు మాత్రమే అనుకోకండి. ఇప్పుడు రాయనివారు ఎవరు? సంఘం గ్రూపులో ప్రార్థన విన్నపం అని పేరు పెట్టి పక్కింటి అమ్మాయి కాపురం సంగతి రాస్తున్నాం. ఫలానావారి కోసం ప్రార్థించండి అంటూ వాళ్ల జబ్బు, వాళ్ల అప్పు, వాళ్ల పిల్లల సంగతి అన్నీ చెబుతున్నాం. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ సందేశాన్ని ఆ అమ్మాయి చేతికే ఇచ్చి, నువ్వే అందరికీ చదివి వినిపించమ్మా అనగలమా?

నేను ఇప్పుడు పాటిస్తున్నవి మూడు. ఎవరి గురించైనా రాయాలంటే ముందు వాళ్లింటికి వెళ్లి అడుగుతాను. వద్దంటే మానేస్తాను, ఎంత మంచి ఉదాహరణ అయినా సరే. రాసింది ముందు వాళ్లకే చదివి వినిపిస్తాను. మూడోది, ఒక తప్పు గురించి రాయక తప్పకపోతే ముందు నా తప్పు రాస్తాను. అది మా ఇంట్లో కావలసినంత నిల్వ ఉంది.

అయితే ఆ తల్లి సంగతి మళ్లీ ఇప్పుడు ఎందుకు రాశారు అని మీకు అనుమానం రావచ్చు. రావాలి కూడా. పోయిన శుక్రవారం వాళ్లింటికి వెళ్లి ఈ కాగితాలు ఆమెకు చదివి వినిపించాను. కుమారుడు కూడా గోడకు ఆనుకుని విన్నాడు. ఆమె ఒక మాట తీసేయమంది, తీసేశాను. భుజం మీద మోసుకెళ్లిన సంగతి మాత్రం తప్పకుండా రాయమంది. "అది ఉంటే మిగతాది ఉన్నా మంచిదే" అంది. ఆమె ఇప్పుడు ఆరాధనకు వస్తోంది. కుమారుడు ఇంకా రావడం లేదు. నేను గురువారాలు వెళ్లి అతనితో కూర్చుంటున్నాను. ఎక్కువ మాట్లాడుకోం. అతని గురించి ఇంతకంటే రాయను.

చాయ్ దగ్గర అడిగిన తమ్మునికి ఆలస్యంగా నా జవాబు ఇది. తమ్మీ, రాయి. ఎంతమంది చదువుతారో చూడకు, అది మనకు చెప్పలేదు. కానీ నువ్వు ఎవరి గురించి రాస్తావో వాళ్లు తప్పకుండా చదువుతారని నమ్మి రాయి. వాళ్లకు చదువు రాకపోయినా ఎవరో ఒక మనుమరాలు చదివి వినిపిస్తుంది. ఎవరూ వినిపించకపోయినా ఒకాయన మాత్రం ప్రతి అక్షరం చదువుతున్నాడు. ఆయన ముందు మనమే ఒక ఉత్తరమని, సిరాతో కాక ఆత్మతో రాసినదని కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 3వ అధ్యాయంలో ఉంది.

ప్రార్థన చేద్దాం. పరలోకపు తండ్రీ, మా నోటికి కావలి ఉంచినట్టే మా వేళ్లకు కూడా కావలి ఉంచుము. మా కోసం పెద్దవాటిని వెదుక్కునే ఆశ మాలోంచి తీసివేయుము. మా మాటల వల్ల గాయపడినవారి గడప తొక్కే ధైర్యం మాకు దయచేయుము. మా లెక్కంతా తన మీద వేసుకున్న యేసు నామమున అడుగుతున్నాము. ఆమేన్.

ఈ వారం మీరు ఎవరి గురించైనా ఏదైనా రాసి పంపే ముందు ఒక్కసారి ఒనేసిమును గుర్తుచేసుకోండి. వచ్చే శనివారం ప్రభువు చిత్తమైతే మళ్లీ కలుద్దాం.